ఇరవై మైక్రాన్లు

గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్లో
మా షెడ్డుకి మూడు పక్కలా గ్రానైటే.
చీమకుర్తి రాయి కోసిన నీళ్ళు
కాలవలో విరిగిన పాలలా పోతుంటాయి.
నాలుగో పక్క హైవే.
మధ్యలో రెండు లేతులు, ఒక మిల్లింగ్ మిషను,
మాలకొండయ్య, నేను.

మేం చేసేది బుష్.
బొటనవేలికి పట్టేంత ఇత్తడి ఉంగరం.
ఏ ఆయుధంలో ఎక్కడ కూచుంటుందో తెలీదు,
అడగకూడదు కూడా.
హైదరాబాదు కంపెనీ డ్రాయింగ్ పంపుతుంది.
ఇరవై మైక్రాన్లు అటో ఇటో అయితే
పెట్టె పెట్టే తిరిగొస్తుంది.

రోహిణికార్తెలో, కరెంటు లేని మధ్యాహ్నం,
ఫోన్లోకి ఉత్తరం వచ్చింది. తొంభైమూడు ప్రశ్నలు.
మీ కంప్యూటరుకి కాపలా ఎవరు?
మా డ్రాయింగులు ఎవరెవరు చూస్తారు,
ఎక్కడ దాస్తారు, ఎప్పుడు చెరిపేస్తారు?
సెప్టెంబరు ఆఖరుకి సర్టిఫికెట్ లేకపోతే
ఆర్డరు లేదు.

నిజం చెప్పాలంటే
మా పాస్‌వర్డు గోడ మీదే ఉంది,
క్యాలెండరు పక్కన, మార్కరుతో.
పెన్‌డ్రైవ్‌లో డ్రాయింగుని ఆనుకుని
కోటప్పకొండ తిరనాళ్ళ ప్రభల వీడియో.
ప్రింటు మీద టీ గ్లాసు వలయం,
సరిగ్గా బుష్ సైజులో.

ఎంతవుతుందని అడిగితే
ఒంగోలాయన నాలుగున్నర లక్షలన్నాడు.
నెల్లూరాయన ఆరన్నాడు, ఇచ్చిన టీ ముట్టకుండానే.
అది ఎన్ని బుష్‌లో లెక్కేసి
కాగితం మడిచి జేబులో పెట్టుకున్నా.

జిల్లా పరిశ్రమల ఆఫీసులో పథకముందన్నారు.
వందకి అరవై సర్కారే ఇస్తుందట.
"ముందు మీరు కట్టండి, బిల్లులు పెట్టండి,
తర్వాత మీ ఖాతాలో పడతాయి."
ఆ 'తర్వాత' మీద డయల్ గేజీ పెట్టి చూశా,
ముల్లు ఎక్కడా నిలబడలా.

అయినా ఒక మనిషిని పంపారు, ఉచితంగా, మూడు రోజులకి.
రహమతున్నీసా. కనిగిరి పిల్ల.
స్కూటీ దిగి చున్నీకంటిన రాతిదుమ్ము దులుపుకుని
మొదట గోడ చూసింది.
నవ్వలేదు. అదే నాకు నచ్చింది.

"పక్క ఫ్యాక్టరీ సంగతి విన్నారుగా" అంది.
వినకేం. ఒక తెల్లారి వాళ్ళ తెర నల్లబడి
బాకీల లెక్కంతటికీ తాళం పడింది.
ఏ దేశపోడో తాళంచెవికి బేరం పెట్టాడు.
ఎవరు ఎంత ఇవ్వాలో
ఇవ్వాల్సినవాళ్ళనే అడిగి రాసుకున్నారు మూడు నెలలు.

రెండో రోజు పాత ప్రింట్లన్నీ బయటికి తీయించింది.
పన్నెండేళ్ళ కొలతలు
ఖాళీ ఆయిల్ డ్రమ్ములో కాలిపోతుంటే
మాలకొండయ్య ఇనపకడ్డీతో కెలుకుతూ
ఒక్క మాటా మాట్లాడలా.

మూడో రోజు, ఎనభైయెనిమిదో ప్రశ్న.
"ఈ కొలతలు ఇంకెక్కడైనా నిల్వ ఉన్నాయా?"
ఆయన చెయ్యి గుడ్డకి తుడుచుకుని
"ఇదిగో, ఈడుండయ్ అమ్మా" అని
మూడు వేళ్ళు చాపాడు.
"పద్నాలుగు రకాల బుష్‌లు. కళ్ళు మూసుకుని తిప్పుతా.
కాయితాలంటే కాల్చారు. వీటినేం చేస్తారు?"

ఫారంలో దానికి గడి లేదు.
ఆ పిల్ల కాసేపు వేళ్ళ వంకే చూసింది.
"ఎవరికైనా చెప్పారా ఎప్పుడైనా?"
"నా జీతమెంతో నా పెళ్ళానికే చెప్పలా."
పెన్ను తీసి, మార్జిన్లో,
కాపలా ఉంది అని రాసుకుంది.

సాయంత్రం కొత్త పాస్‌వర్డులు.
లెక్కలకి నాది, డ్రాయింగులకి ఆయనది.
పదహారు అక్షరాలు ఒంటివేలితో
ఇత్తడి మీద ఆఖరి కోత వేసినట్టు కొడుతూ
నన్ను అటు తిరగమన్నాడు.
నా షెడ్డు, నా కంప్యూటరు,
నేను గోడ వైపు.
సున్నం కింద పాత పాస్‌వర్డు ఇంకా లీలగా కనపడుతోంది.

సర్టిఫికెట్ వచ్చింది. ఆర్డరూ వచ్చింది.
అరవై శాతం మాత్రం ఒంగోల్లో ఏదో బల్ల మీద ఉంది.
నెలకోసారి పోయి దాని క్షేమం కనుక్కొస్తున్నా.

పొద్దున్నే పని మొదలవ్వాలంటే ఆయన రావాలి.
మద్దిపాడు బస్సు ఆలస్యమైన రోజు
లేతు మీద గుడ్డ కూడా తీయకుండా
గుమ్మంలో నిలబడి హైవే చూస్తుంటా.